స్కానరులో ముప్పై డిగ్రీలు

సరిహద్దు కొండల మీద ఆ ఆర్మీ పోస్టులో నేను దిగింది నవంబరులో, మధ్యాహ్నం రెండున్నరకి. ఎత్తు పదిహేను వేల అడుగులు. మైనస్ పదకొండు. పచ్చటి ఆకు ఒక్కటంటే ఒక్కటి లేదు. మాది మలికిపురం. కొబ్బరి నీడ లేకుండా పది అడుగులు నడిచి ఎరగను. ఇదేం చోటురా దేవుడా అనుకున్నాను. మీరు ఏసీ ఇరవైలో పెట్టి దుప్పటి కప్పుకుంటారు చూడండి, దాన్ని నా దగ్గర చలి అనకండి. ఒళ్ళు మండుతుంది.

నేను బళ్ళ మెకానిక్‌ని. నా బాధ్యత ఒక అంబులెన్సు జీపు, రెండు లారీలు. టూల్ పెట్టె ఉండేది. ఇంజను కంప్యూటరు ఏమంటోందో చదివే చిన్న స్కానరు ఉండేది.

పోస్టు వంటాయనది రాజోలు, మా పక్కూరే. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. బాబాయి గారూ అనేవాణ్ణి. రోజూ ఉదయం ఐదున్నరకి టీ గ్లాసు చేతిలో పెట్టి ఒకటే అడిగేవారు.

"అబ్బాయ్, ఇవేళ మనూళ్ళో ఎంతుంటుందంటావు?"

"ముప్పై ఉంటుందండీ బాబాయి గారూ."

"ఆయ్, ముప్పై. చొక్కా విప్పేసి కాలవ గట్టు మీద కూచోవచ్చు. సెలవిచ్చేక నే చేసే మొదటి పని అదే."

"పిన్ని గారు కేకలేస్తారేమోనండీ."

"వెయ్యనీరా. ఆ కేకలు విని ఎన్నాళ్ళయిందనీ!"

ఆయన నవ్వేవారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. ఊరి మీద బెంగ అంత గట్టిది.

జనవరిలో ఒక శనివారం, వారపు తనిఖీ. జీపుకి స్కానరు పెట్టాను. ఇంజనులోకి వెళ్ళే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పే సెన్సరు ఒకటుంటుంది. ఆ అంకెను బట్టే కంప్యూటరు పెట్రోలు పోస్తుంది. గాలి చల్లగా ఉంటే ఎక్కువ, వెచ్చగా ఉంటే తక్కువ. స్కానరులో గాలి ముప్పై డిగ్రీలని ఉంది. ఫాల్టు లైటు వెలగలేదు. ఈ పోస్టుకి వచ్చేదాకా నా సర్వీసంతా వేడి ప్రాంతాల్లోనే గడిచింది. పుట్టినప్పటి నుంచీ నాకు గాలంటే ముప్పై. ఆ అంకె చూస్తే ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది. ఓకే అని టిక్కు పెట్టేశాను. బయట మైనస్ పంతొమ్మిది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు తట్టనే లేదు.

ఆదివారం టీ రాలేదు. వెళ్ళి చూస్తే బాబాయి గారు బంకరులో కూర్చుని రొప్పుతున్నారు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ ఎత్తుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నర్సింగ్ జవాను ఆక్సిజన్ పెట్టాడు. సుబేదారు వైర్‌లెస్ సెట్ అందుకున్నాడు.

"రోగి ఒకరు. బయల్దేరుతున్నాం. ఓవర్."

"ఎంత త్వరగా కిందికి దింపితే అంత మంచిది. ఓవర్" అన్నారు కింద ఆసుపత్రి నుంచి.

బాబాయి గారిని జీపులో స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఏడూ పదికి కదిలాం. కానీ దిగాలంటే ముందు కనుమ ఎక్కాలి. ఏడూ నలభైకి ఎక్కుడులో జీపు కుదుపులు మొదలెట్టింది. ఆగిపోయింది. డ్రైవరు మళ్ళీ స్టార్టు చేశాడు. పది గజాలు పోయి మళ్ళీ ఆగింది.

"పెట్రోలు అందట్లేదు" అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. ఫిల్టరు విప్పాను. శుభ్రంగా ఉంది. ప్లగ్గులు విప్పాను. బాగానే ఉన్నాయి. గ్లవ్స్ తీస్తే ఇనుము వేళ్ళకి అతుక్కుపోతోంది. నర్సింగ్ జవాను ఆక్సిజన్ సిలిండరు వంక చూస్తాడు, నా వంక చూస్తాడు. ముప్పై ఐదు నిమిషాలు గడిచిపోయాయి.

ఆఖరికి స్కానరు తగిలించి, గాలికి ఓర్వలేక జీపు లోపలే, స్ట్రెచర్ పక్కన చతికిలబడ్డాను. బాబాయి గారు కళ్ళు తెరిచారు. మాస్కు పక్కకి జరిపారు. స్కానరు వంకే చూస్తున్నారు.

"ముప్పై... మనూరొచ్చేసేమేంట్రా అబ్బాయ్?"

"మాట్లాడకండి బాబాయి గారూ! ముందు మాస్కు పెట్టుకోండి!" కసిరాను.

కసిరాక వెలిగింది. మనూరు రాలేదు. మరి ముప్పై ఎక్కణ్ణించి వచ్చింది?

ఒక్క దూకు దూకి సెన్సరు ప్లగ్గు లాగేశాను. వైరు బాగుంటే, ప్లగ్గు లాగగానే స్కానరు మైనస్ నలభై చూపాలి. చూపింది. అంటే వైరు తప్పేం లేదు, పోయింది సెన్సరే. అది ముప్పై అంటుంటే నమ్మి కంప్యూటరు పెట్రోలు తక్కువ పోస్తోంది. మూలపడ్డ జీపు నుంచి ఊడదీసిన సెన్సరొకటి నా పెట్టెలో ఉంది. రెండు స్క్రూలు. ఆరు నిమిషాల పని. ఇప్పుడు గాలి మైనస్ పదహారు. ఇంజను అందుకుంది. కనుమ ఎక్కేశాం.

పదిన్నరకి ఆసుపత్రికి చేరాం. మూడో రోజు బాబాయి గారు పోయారు. ఆ అరగంట వల్ల ఏమీ మారేది కాదని డాక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. నమ్మాలని చూశాను. నా వల్ల కాలేదు.

సర్వీసు అయ్యాక మలికిపురం వచ్చేశాను. రోడ్డు పక్కన కార్ల షెడ్డు పెట్టుకున్నాను. ఏ బండి వచ్చినా ముందు గాలి అంకె చూస్తాను, తర్వాత షెడ్డు గోడకున్న థర్మామీటరు చూస్తాను. చాదస్తం అంటారు. అననీండి. చాలాసార్లు ఆ అంకె ముప్పై అనే ఉంటుంది, ఇక్కడ అది నిజమే. అప్పుడు బండి పని ఆగిపోతుంది. మాస్కు పక్కకి జరిపి, వెలుగొచ్చిన మొహంతో నా జవాబు కోసం చూస్తున్న బాబాయి గారు కనిపిస్తారు. ఆ రోజు ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది?

"ఆయ్, వచ్చేసేమండీ బాబాయి గారూ" అంటాను, పైకే.

"ఎవరితోనండీ?" అంటారు కారు తెచ్చినవాళ్ళు.