సంతోషమ్మ చెప్పిన నిజం

ఆదోనిలోని ఆ నర్సింగ్‌హోంకు స్కానింగ్ మిషన్ వచ్చింది ఎనభై ఏడులో. దాని ముందు మూగే జనాన్ని చూస్తే ఆయా సంతోషమ్మకు ఒళ్లు మండేది. "మగబిడ్డేనా?" తప్ప ఇంకో మాట అడిగిన అత్తగారు ఒక్కతీ లేదు. బిడ్డ పెరుగుతోందా, ఎండిపోతోందా, ఎవరికీ పట్టదు. ఛీ, ఏం మనుషులు!

ఇరవై ఏళ్లుగా ఆమె అక్కడ నెత్తుటి గుడ్డలు ఉతికింది. గర్భిణుల మూత్రం గాజు గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద కాచింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన భాగీరథిది కాచిన రోజు అది కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. ప్రమాదానికి గుర్తది. ఆ పిల్ల కాళ్లూ మొహమూ వాచిపోయాయి, బీపీ నూట డెబ్భై. డాక్టరమ్మ స్కానింగ్ చేసి, అత్త పద్మాబాయిని పిలిచి బొమ్మ చూపించింది.

"ఎనిమిదో నెల బిడ్డ, ఏడో నెల బిడ్డంత కూడా లేదమ్మా. ఉమ్మనీరు తగ్గిపోయింది. ఇట్లే వదిలేస్తే లోపలే పోతుంది. రేపే ఆపరేషన్ చేసి తీద్దాం. చిన్నదే అయినా బతికే వీలుంది."

"మగబిడ్డనా?" అంది పద్మాబాయి.

"ముందు బతకనీయండి," అని డాక్టరమ్మ విసురుగా వెళ్లిపోయింది.

వరండాలో పద్మాబాయి, సంతోషమ్మ తగలకుండా కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించింది. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెలది బతకదంటారు. ఇన్నేళ్ల నుంచి ఈడ ఉండావు. బతికినదాన్ని ఒక్కదాన్నన్నా చూసినావా? నిజం చెప్పు."

సంతోషమ్మ చూసిన ఎనిమిదో నెల కాన్పులన్నీ ప్రాణం మీదికొచ్చాక ఎద్దుల బండ్లలో వచ్చినవే. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. తనను తాకనివ్వని మనిషి తన మాట అడిగిందన్న గర్వం మాత్రం తట్టింది.

"లేదమ్మా, నేనైతే సూడలేదు."

డాక్టరమ్మ గేటు దాకా వచ్చి బతిమాలినా వినకుండా, తొమ్మిదో నెల పడగానే వస్తామని సాయంత్రం బస్సుకే కోడలిని తీసుకుపోయింది పద్మాబాయి.

అన్నట్టే, తొమ్మిదో నెల పడిన మూడో రోజున వచ్చారు. భాగీరథికి అప్పటికే ఫిట్స్. ఎలాగో తల్లి దక్కింది. బిడ్డ లోపలే పోయి అయిదారు రోజులై ఉంటుందన్నారు. తోలు ఊడి వస్తున్న ఆ పిల్లవాణ్ణి సంతోషమ్మే కడిగి గుడ్డలో చుట్టింది.

పద్మాబాయి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లెక్కేసింది. "చూడు, ఎనిమిదో నెలలోనే పోయినాడు. నువ్వు చెప్పిందే నిజం, సంతోషమ్మా."

ఆ మెప్పు విని సంతోషమ్మ పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. ఎంత పుక్కిలించినా నోరు శుభ్రమైనట్టు అనిపించలేదు.

మరుసటి ఏడు కోసిగి నుంచి వచ్చిన దుర్గప్ప, లోపల వాచిన కాళ్లతో పెళ్లాం పడుకుని ఉండగా, అదే వరండాలో అదే మాట అడిగాడు. "ఎనిమిదో నెల బిడ్డ బతికింది యాడన్నా సూసినావా, అక్కా?"

"సూడలేదని సెప్పి ఒకణ్ణి సంపినానప్పా," అంది సంతోషమ్మ. "లోపలికి పోయి ఆపరేషన్‌కు సంతకం పెట్టు."