ఊరికి ఇవ్వని పేరు

మా ఊరికి చరిత్ర ఉంది. ఉండకేం, ఆలూరు దారిలో ఎవరినడిగినా చెబుతారు. పాళెగాడు కోట కట్టిస్తుంటే తూర్పు బురుజు నిలవలేదట. కట్టింది కట్టినట్టే కూలిపోతుంటే, ఎవరింటి కోడలినో తెచ్చి లోపల నిలబెట్టి చుట్టూ రాయి పేర్చారట. ఆ తర్వాత బురుజు కదల్లేదు. ఏటా ఉగాది నాడు ఊరంతా వెళ్ళి బురుజుకు పసుపు పూసి, చీర పెట్టి, అక్కడే కూర్చుని ఊరి కథ వింటారు. కథ చెప్పేది పీర్ల చావిడి చూసుకునే ముసలి సాయిబు. తాతల కాలం నుంచీ ఆ పని వాళ్ళదే. ఆ కోడలి పేరేమిటని చిన్నప్పుడు నేనడిగితే, "బురుజమ్మ అంటే సాలదా?" అని కసిరారు.

మా పెద్దమ్మ విషయం జరిగాక నాకు ఆ బురుజు వైపు చూడబుద్ధి కాలేదు.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క, మా నాయనకు వదిన. అక్కచెల్లెళ్ళిద్దరినీ అన్నదమ్ములకే ఇచ్చారు. పెదనాయన చిన్న వయసులోనే కలరా వచ్చి పోతే, ఆమె మా ఇంట్లోనే ఉండిపోయి నన్ను పెంచింది. ఆమెకు బొల్లి. మోచేతుల దాకా తెలుపు, పెదవుల చుట్టూ తెలుపు. విత్తనం కొర్రలు చెరిగి, బూడిద కలిపి, కుండలకెత్తి దాచేది ఆమే. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ విత్తనాన్ని ఒడి పట్టి తీసుకుపోయేవాళ్ళు గానీ, ఆమె చేతి మజ్జిగ మాత్రం తాగేవాళ్ళు కాదు. ఏం మనుషులో! తెల్లబడిన చోట ఎండ తగిలితే బొబ్బలెక్కేవి. అందుకని చేతులకు పాత గుడ్డలు చుట్టుకుని చేనికి పోయేది. సాయంత్రం ఇంటికొచ్చి వెన్న రాసుకుంటూ, "సూర్యునికి నా మీద శానా ప్రేమలే పాపా, ముట్టుకోకుండా ఉండలేడు" అని నవ్వేది.

చివరి రోజుల్లో ఆమె మా నాయనను అడిగింది ఒక్కటే.

"నన్ను మీ యన్న పక్కన పూడ్సండప్పా. కాల్సొద్దండి. బతికినన్నాళ్ళూ కాలింది సాలు."

మా ఇంట్లో పూడ్చడమే ఆచారం. కానీ బొల్లి ఉన్నవాళ్ళను భూమిలో పెడితే భూమికీ బొల్లి ఎక్కుతుందని, మబ్బు మొహం తిప్పుకుంటుందని మా వైపు నమ్మకం. అది తెలుసు కాబట్టే ఆమె అంతగా బతిమాలింది. నాయన మాటిచ్చాడు. ఆ ఏడు బావుల్లో ఇంకా నీళ్ళున్నాయి, కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. చేని గట్టున పెదనాయన పక్కనే పెట్టారు.

ఆ తర్వాత వాన లేదు. మరుసటి ఏడూ లేదు. యాభైల మొదట్లో వచ్చిన ఆ కరువు చూసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పశువులను తుంగభద్ర వైపు తోలుకుపోయినవాళ్ళు వట్టి తలుగు తాళ్ళతో తిరిగొచ్చారు. చావిడి ముందు గంజి పోసేవాళ్ళు. నేను బద్వేలు దగ్గరి అత్తగారింటి నుంచి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నాను. గంజికి నిలబడ్డవాళ్ళు మా నాయన కనిపిస్తే మాటలు ఆపేసేవాళ్ళు. ఎందుకో మాకు తెలుస్తూనే ఉంది.

ఒక పొద్దున పెద్దమనుషులు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. అందరిలోకీ పెద్దాయన మొదలుపెట్టాడు.

"ఏమప్పా, నీకు చెడు చేసేకి రాలేదు మేము. మబ్బు వస్తాండాది, మీ చేని మీదికి రాంగానే ఇరిగిపోతాండాది. ఊరంతా చూస్తాండాది. ఆయమ్మను బయటికి తీసి కాల్సాల."

"మాటిచ్చినానప్పా" అన్నాడు నాయన.

"మాట నీది. సస్తాండేది మా బిడ్డలు."

నాయన తల వంచుకున్నాడు. మగవాళ్ళ ముందు ఎన్నడూ నోరు విప్పని మా అమ్మ గడప దాటి వచ్చింది.

"మా యక్క ఇచ్చిన ఇత్తనం మీ చేన్లలో మొలిసింది గదా. అప్పుడు యాడ పోయింది బొల్లి?"

పెద్దాయన తలుపు పక్కన నిలబడ్డ నన్ను చూపించాడు. "నీ కూతురు నెలలు నిండి ఉండాది. పురుడుకు నీళ్ళు యాడ నుంచి తెస్తావమ్మా?" అన్నాడు. ఊళ్ళో ఊట ఉన్నది ఆయన బావిలోనే. ఆ గొంతులో జాలి కూడా ఉంది, అదే నాకు ఇప్పటికీ కడుపు మండే సంగతి. అమ్మ నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఇక ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే తవ్వారు. కడుపుతో ఉన్నదాన్ని రానివ్వరు కాబట్టి నేను మిద్దె మీద నుంచి పొగ మాత్రమే చూశాను. అక్కడ జరిగింది చాలా ఏళ్ళకు నాయన చెప్పాడు. పెద్దమ్మ చేతులకు చుట్టుకునే పాత గుడ్డలు అమ్మ పెట్టెలో దాచి ఉంచిందట. అవి తీసుకుపోయి, మిగిలిన ఆ ఎముకలకు మెల్లగా చుట్టిందట. చుట్టడం అయ్యేదాకా నిప్పు పెట్టనివ్వలేదట.

కొన్నాళ్ళకు వాన వచ్చింది. రాకపోతే బాగుండునని నేను కోరుకున్నాను. పాపిష్టి కోరికే, అయినా కోరుకున్నాను. వానకు ఏం తెలుసు, అది ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. కానీ ఊరికి రుజువు దొరికింది. పెద్దాయన మా నాయనను కావలించుకుని ఏడ్చాడు. ఆ వానలోనే నాకు కూతురు పుట్టింది. మా ఇంట్లో కూడా పెద్దమ్మ దాచిపెట్టిన కుండల్లోని విత్తనమే తీసి చల్లారు. ఆ కొర్రలే వండుకుని తిన్నాం, అమ్మ కూడా తింది. ఆకలి కదా.

ఉగాది దగ్గరపడ్డాక సాయిబు మా ఇంటికి వచ్చాడు. పెద్దమ్మ చేతి మజ్జిగ అడిగి మరీ తాగిన మనిషి ఊళ్ళో ఆయనొక్కడే. అరుగు మీద కూర్చుని చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"బేటీ, ఈ కరువు సంగతి, ఆయమ్మ సంగతి ఊరి కథలో కలపమంటాండారు పెద్దలు. కలుపుతా. కానీ బురుజమ్మకు అయినట్టు ఈమెకు కాకూడదు. పేరు పెట్టి చెబుతా. ఆయమ్మ పేరేమి?"

ఆయన తెలియకే అడిగాడు. మా వైపు ఆడవాళ్ళను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. మాకు పెద్దమ్మ, ఊరికి బొల్లామె. అసలు పేరు మా అమ్మకూ నాయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి, తాగేదాకా ఆగింది.

"నువ్వు మంచికే అడుగుతాండావు తాతా. ఆమెను కాల్చుకున్నారు, వాన తీసుకున్నారు. పేరు గూడా ఇస్తే దానికి పసుపు పూసి మొక్కుతారు. మొక్కి, మళ్ళా కరువొస్తే ఇంకొకర్ని ఎతుక్కుంటారు. ఇయ్యను."

సాయిబు మళ్ళీ అడగలేదు. మా ఊరి కథలో ఇప్పటికీ "ఒక ఆడమనిషి" అనే చెబుతారు. అమ్మ పోయేముందు ఆ పేరు నాకు చెప్పింది. ఇక్కడా రాయను.