దీపాలు పెట్టాక తోడు

ఇప్పటికీ మధ్యాహ్నం పూట కళ్ళు మూతలు పడుతుంటే గోడ అవతలి నుంచి ఆ పిలుపు వినిపిస్తుంది నాకు.

"అమ్మాయ్, తోడు పెట్టానే! చూసుకో!"

పాలల్లో తోడు కాదు. నెట్టుకి తోడు.

మాది గుడివాడ. మావారిది రొయ్యల చెరువుల మీద పని కావడంతో పెళ్ళయ్యాక దివిసీమకి వచ్చి పడ్డాం. నాగాయలంక దాటాక కాలవ పక్కన ఊరు, అందులో ఒక అద్దె ఇల్లు. గాలి నిండా ఎప్పుడూ కాస్త ఉప్పు, కాస్త బురద. పగలూ రాత్రీ దూరంగా చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు. మొదట్లో చిరాకేసేది. తర్వాత్తర్వాత కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిపోతేనే మెలకువ వచ్చేది నాకు.

నేను చేసే పనీ అలాంటిదే, సగం నిద్రలో చేసే పని. ఎవరెవరో మాట్లాడి రికార్డు చేసిన మాటలు చెవిలో పెట్టుకుని వినడం, విన్నది విన్నట్టు తెలుగులో టైపు చేసి పంపడం. ముసలివాళ్ళు, రైతులు, పురుళ్ళు పోసినవాళ్ళు, బడి పంతుళ్ళు. వాళ్ళెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్ళకి తెలీదు. కానీ రోజంతా నా చెవిలోనే కాపురం. ఈ పనికి పాత ట్యాబ్ ఒకటి ఉండేది నా దగ్గర. దాంట్లో సిమ్ము పట్టదు. ఇక నా ఫోను సంగతి చెప్పక్కర్లేదు. కరకట్ట ఎక్కి నిలబడితే మాట్లాడుకోవడానికి పనికొచ్చేది, ఇంట్లోకి తెస్తే టైము చూసుకోవడానికి పనికొచ్చేది. అంతే.

పక్కింట్లో పిన్ని ఉండేది. చుట్టమేం కాదు, పిలుపు వరసే. పొద్దున్నే చేపలు కొని, బుట్టలో మంచు వేసుకుని అవనిగడ్డ దాకా వెళ్ళి అమ్ముకుని, వంట వేళకల్లా ఇంటికొచ్చేసేది. వాళ్ళాయన, అంటే నాకు బాబాయి, బందరులో పెద్ద బోటు మీద పని. బోటెక్కితే రోజుల తరబడి నీళ్ళ మీదే. నడిసముద్రంలో ఫోను పలకదు. తిరిగొస్తూ ఒడ్డు టవరు అందుకోగానే మొదటి ఫోను పిన్నికి చేసేవాడు. ఆ ఫోను కోసమే పిన్నికి ఫోను. ఇంకే అవసరమూ లేదావిడకి.

ఆవిడ సిమ్ము వేరే కంపెనీది. వాళ్ళిల్లు కాలవ వైపుకి తెరుచుకుని ఉంటుంది. ఏ మాయో గానీ ఆ ఇంట్లో నెట్టు ధారగా వచ్చేది. ఒకరోజు సిగ్గు విడిచి వెళ్ళి అడిగాను.

"పిన్నీ, నీ ఫోన్లో ఆట్‌స్పాట్ ఆన్ చేస్తే నా ట్యాబుకి నెట్టొస్తుంది. చేసుకోనా?"

"అదేంటే, కాలుద్దా?"

"కాలదు పిన్నీ. నీ ఫోన్లో నెట్టుంది కదా. అందులో రవ్వంత నా పలకకి అందిస్తే, ఇదీ నెట్టుతో నిండిపోద్ది."

పిన్ని ఒక్క క్షణం ఆలోచించి తేలిగ్గా నవ్వేసింది. "ఓసోస్, తోడేగా! దానికింత ఇదవుతావేం? తీసుకో."

గిన్నెడు పాలకి చెంచాడు పెరుగు. ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు! నాకు ముచ్చటేసింది. ఆమె ఫోన్లో కంపెనీవాడు పెట్టిన అంకెలూ అక్షరాలూ తీసేసి, 'తోడు' అని పేరు పెట్టాను. నా ట్యాబ్‌లో వైఫై తెరిస్తే ఒకే ఒక్క పేరు కనిపించేది: తోడు. దాని మీద వేలు పెడితే చాలు, ఎక్కడివో గొంతులు నా వంటింటి గట్టు దగ్గరికి వచ్చి కూర్చునేవి.

ముచ్చటపడ్డాను గానీ, ఆ మాట వెనకాలే ఒక చట్టం నడిచొస్తోందని అప్పుడు తెలీలేదు. తోడన్నాక తోడే. పెట్టిన గిన్నె కదిలించకూడదు. అందుకని ఫోనుని స్టీలు గిన్నెలో పెట్టి, గిన్నెని ఉట్టిలో పెట్టి, దూలానికి వేలాడగట్టేది పిన్ని. పైగా మూత కూడా పెట్టేది. మూతపెడితే నెట్టు నీరసపడిపోతోందని మొత్తుకుంటే, పోనీలే అని పల్చటి గుడ్డ కప్పింది. "పురుగూ పుట్రా పడకుండా," అంది. ఫోన్లో పురుగేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఆ ఉట్టి కింద నుంచి వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడేది. నేనూ అలాగే అలవాటుపడ్డాను. పైన గుడ్డ కింద ఏదో మెల్లమెల్లగా గట్టిపడుతున్నట్టే అనిపించేది.

ఇంకొకటి కూడా కనిపెట్టాను. పిన్నిది పాత ఫోను. కాల్ వస్తే నెట్టు ఆగిపోతుంది. నా చెవిలో ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ సగం మాటలో ఆగిపోయేవారు. తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది. మొదటిసారి ఒళ్ళు మండి గోడ దగ్గరికి పరిగెత్తాను. అవతల పిన్ని ఫోను రెండు చేతుల్తో చెవికి అదుముకుని, చేపల బుట్ట మీద కూలబడి, "ఊ... ఊ... తిన్నావా?" అంటోంది. ముఖమంతా వెలిగిపోతోంది. బాబాయికి టవరు అందింది.

ఆ తర్వాత చక్రం తిరిగితే చిరాకు వేయడం మానేసింది. ఎవరి మాటో సగంలో ఆగిందంటే బాబాయి ఒడ్డుకి దగ్గరయ్యాడని. బందరు రేవు ఎక్కడ, నా వంటింటి గట్టు ఎక్కడ! ఆ కబురు పిన్నితో పాటే నాకూ అందేది. నేను ట్యాబు పక్కన పెట్టి టీ పెట్టుకునేదాన్ని.

అంతా బాగానే ఉంది. గొడవల్లా పొద్దుగూకాక.

ఒక సాయంత్రం పని మిగిలిపోయింది, ఆ పూటే పంపాలి. పిన్ని అప్పుడే దీపం పెట్టి వచ్చింది. గోడ మీద నుంచి వంగి, "పిన్నీ, కాస్త తోడు," అన్నాను.

"దీపాలు పెట్టాక తోడియ్యకూడదమ్మా."

"పెరుగు కాదు పిన్నీ, నెట్టు!"

"ఏదైతే ఏం. తోడు తోడే."

నాకు తిక్క రేగింది. పుట్టినప్పటి నుంచీ చర్చికి వెళ్ళేదాన్ని, ఈ పట్టింపులన్నీ నాకెందుకు? "నెట్టిస్తే మీ లక్ష్మీదేవి గోడ దూకి మా ఇంటికొచ్చేస్తుందా? ఏం భయం లేదు, పొద్దున్నే తిరిగి పంపించేస్తాలే," అన్నాను వెటకారంగా.

పిన్ని నవ్వలేదు. కోపమూ పడలేదు. "లచ్చిందేవి సంగతి నాకు తెలీదే. మాయన నీళ్ళ మీదున్నాడు. దీపం పెట్టాక ఇంట్లోది ఏదీ గడప దాటనియ్యను. ఏం అనుకోమాక," అని లోపలికి వెళ్ళిపోయింది.

కరకట్ట ఎక్కి గుడివాడలో మా అమ్మకి ఫోన్ చేశాను, ఈ చాదస్తం వింటావా అని. అమ్మ అంతా విని, "మనకి అలాంటివేం లేవమ్మా," అంది. మళ్ళీ తనే, "లేవులే గానీ, చీకటిపడ్డాక తోడు నేనూ ఇవ్వనే," అంది. ఇంకెవరితో చెప్పుకోను! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ సాయంత్రం పూట అడగలేదు. పొద్దు వాలి, చెరువుల మీద వెలుతురు పల్చబడి, పిన్ని ఇంట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడగానే నా ట్యాబు మూసేసేదాన్ని. గొంతులన్నీ వెళ్ళిపోయాక ఇల్లు వదులయ్యేది. ఆ వేళ కూడా బాగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఆ కార్తీకంలో వాయుగుండం అన్నారు. బోట్లన్నీ వెనక్కి వచ్చెయ్యాలని కబురు. ముందు రోజు సాయంత్రానికే బందరు రేవుకి చాలా బోట్లు చేరాయట. బాబాయి ఉన్న బోటు చేరలేదు. ఎవరినడిగినా, "వస్తా ఉండుంటుంది," అన్నారే తప్ప చూశామన్నవాళ్ళు లేరు.

తెల్లవారేసరికి ఆకాశం కిందికి దిగిపోయింది. వాన సన్నగా, ఆగకుండా. కాలవకి పోటెక్కి నీళ్ళు మెట్ల మీదికొచ్చాయి. పిన్ని చేపలకి వెళ్ళలేదు. పొయ్యి వెలిగించలేదు. నేను అన్నం పట్టుకెళ్తే గిన్నె అలాగే పక్కన పెట్టింది. ఉట్టి కింద కూర్చుని పైకి చూస్తోంది. ఆ రోజు తోడు పెట్టమని నేను అడగలేదు, ఆమె పెట్టనూ లేదు. మధ్యలో నాకు పెడితే ఆయన ఫోను అందదేమోనని ఆవిడ భయం. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు. పిన్ని ఫోన్లోంచి నేను ఆయనకి చేస్తే అదే పాట, కవరేజీలో లేరని కంపెనీ పిల్ల గొంతు. నాలుగోసారికి పిన్ని, "ఆ పిల్ల గొంతు ఇనలేకపోతన్నా. ఇంక చెయ్యమాక," అంది.

ఇంటికొచ్చి ప్రార్థన చేసుకున్నాను. మాటలు కుదరలేదు. ప్రభువా, ఆ బోటు, ఆ బోటు, అనే వచ్చింది.

పొద్దుగూకింది. గోడ అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు. దీపం వెలుతురు వానలో మసగ్గా కనపడింది. ఏం తోచక ట్యాబు తెరిచానో, చేతికి అలవాటై తెరిచానో తెలీదు. తెర మీద పేరు కనిపించింది.

తోడు.

కళ్ళు నులుముకున్నాను. నిజంగానే ఉంది. దీపాలు పెట్టాక! ఈలోగా పిన్ని కొంగు నెత్తి మీద కప్పుకుని వానలోనే గోడ దగ్గరికొచ్చింది.

"అమ్మాయ్, తోడు పెట్టా. నీ పని చేసుకోవే."

"ఇప్పుడెందుకు పిన్నీ? బాబాయి ఫోనొస్తే..."

"ఎప్పుడొచ్చినా నీకు తోడిచ్చినప్పుడే వచ్చింది కదే ఆయన ఫోను. ఒక్కసారైనా ఉత్తప్పుడు వచ్చిందా? పొద్దున్నించీ నేను తోడియ్యకుండా ముడుచుక్కూకున్నా, అందుకే రాలేదేమో." ముఖాన వాన తుడుచుకుంది. "చీకటడితే ఏం, నేనిస్తన్నా. తీసుకో. నీకు పుణ్యముంటది, తీసుకోవే."

రోజూ పొద్దస్తమానం తోడు నా దగ్గరే ఉంటే ఫోను అప్పుడు కాక మరెప్పుడొస్తుంది పిన్నీ, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన క్షేమం కోసం గడప దాటనివ్వని దాన్ని, ఆయన క్షేమం కోసమే నా చేతిలో పెడుతోంది. నేను తెలివి చూపించే వేళ కాదది.

"తీసుకుంటున్నా పిన్నీ. నువ్వెళ్ళి ఉట్టి దగ్గర కూర్చో," అన్నాను.

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఎవరో పెద్దావిడ. చిన్నప్పుడు మొవ్వలో మేనత్త ఇంటికి వెళ్ళిన సంగతి చెబుతోంది. బండి కట్టారట, దారంతా వరిపొలాలట, మేనత్త బెల్లం అట్లు పోసిందట. ఆవిడ తీరిగ్గా చెబుతోంది, నేను టైపు చేస్తున్నాను. వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. నా ప్రాణం మాత్రం ఆవిడ మాట ఎప్పుడు ఆగుతుందా అనే చూస్తోంది. పనిలో ఉండి, పని చెడిపోవాలని అంతగా ఎన్నడూ కోరుకోలేదు. ఆగదే! ఆవిడ అట్లు తిన్నది, బావిలో చేద వేసింది, మేనత్త కూతురితో పోట్లాడింది, మళ్ళీ కలిసిపోయింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. నేనెక్కడున్నానో, ఏ కాలంలో ఉన్నానో తెలియడం మానేసింది.

"మర్నాడు పొద్దున్నే మా నాన్న వచ్చి, పదండే అని బండి..."

ఆగిపోయింది.

తెర మీద చక్రం తిరుగుతోంది. మామూలుగా ఆగిందేమో. వానకి ఆగిందేమో. ఇయర్‌ఫోన్లు తీసి చెవులు రిక్కించాను.

గోడ అవతల నుంచి పెద్ద గొంతుతో తిట్లు. "ఏ గంగలో దిగబడ్డావయ్యా ఇంతసేపూ? ఆఁ? మనిషివేనా నువ్వు? ఇక్కడ ఒకత్తి ఉందని... తిన్నావా? ముందది చెప్పు, ఏవన్నా తిన్నావా?"

నేను గోడ దగ్గరికి ఎప్పుడు చేరానో తెలీదు. పిన్ని వానలో, వాకిట్లో నిలబడి ఉంది. ఫోను చెవి నుంచి తీయకుండానే నన్ను చూసింది. ఏడుస్తూ, నవ్వుతూ అరిచింది.

"అమ్మాయ్! తోడుకుందే!"

"కదిలించకు పిన్నీ," అన్నాను. "కదిలించకు. మాట్లాడు."