పిల్లి ఒంటికి పూసిన చెరువు మందు

సీసా మీద ఇంగ్లీషు పేరు, దాని పక్కన పర్సెంటేజీ అచ్చువేసి ఉంటే, లోపల ఉన్నది మందేనని మీరు ఎప్పుడైనా నమ్మారా? ఎవర్నీ అడగకుండా, ఆ అచ్చును చూసి? నేను నమ్మాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి, దిష్టి గురించీ చేతబడి గురించీ సభల్లో గొంతు పోయేలా వాదించిన నేను నమ్మాను. ఆ నమ్మకానికి శిక్ష మా పిల్లి అనుభవించింది.

దాని పేరు మిరియం. తెల్లటి ఒంటి మీద చిన్న చిన్న నల్లమచ్చలు. నరసాపురంలో మా ఇంటి వరండాలో నా భార్య సుజాత, ఇంకో నలుగురు ఆడవాళ్లు కూర్చుని లేసు అల్లుతారు. వాళ్ల దారపు బుట్టే మిరియానికి మంచం. కిందటి వానాకాలం ఒక ఉదయం దాని తల నిమురుతుంటే ఎడమ చెవి వెనక వెంట్రుకలు లేని చోటు వేలికి తగిలింది. బొట్టుబిళ్లంత గుండ్రం, అంచున తెల్లటి పొట్టు. ఏ గండుపిల్లితోనో కొట్లాడి ఉంటుందిలే అనుకున్నాను. వారం తిరిగేసరికి ముందుకాలి మీద ఒకటి, తోక మొదట్లో ఒకటి కనిపించాయి.

పదో రోజున సుజాత తన మోచేయి తెచ్చి నా ముందు పెట్టింది. ఎర్రటి గుండ్రం. "ఏవండీ, ఇది తామర కాదూ?"

మర్నాటికి వరండా ఖాళీ అయింది. తెల్లదారంతో బతికేవాళ్లు తామరకు భయపడటంలో తప్పేముంది? వెళ్తూ వెళ్తూ ఒకావిడ చెప్పింది: "పంటు ఎక్కించి గోదారి అవతల వదిలెయ్యండి. మళ్లీ తిరిగి రాదు." మా ఊళ్లో పిల్లిని వదిలించుకోవడానికి అదే పద్ధతి. గోనెసంచిలో వేసి పడవ మీద రేవు దాటించేస్తారు. సుజాత ఆ రోజే ఒక సంచి తీసి గుమ్మం పక్కన పెట్టింది. "దసరా దాకా చూస్తాను. తగ్గకపోతే నేనే తీసుకెళ్తాను" అంది.

పక్కింటి సత్యవతి గారు పసుపుదారానికి అంత్రం కట్టి తెచ్చి మిరియం మెడలో వేసింది. ఆవిడ ఎదురుగానే కత్తెరతో కత్తిరించాను. "ఫంగస్‌కి మంత్రాలు అర్థం కావండీ" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ సాయంత్రమే నా బావమరిది రాంబాబు వచ్చాడు. అతనిది రొయ్యల చెరువు. చెరువు నీళ్లలో క్రిములు చావడానికి పోసే బీకేసీ సీసా ఒకటి బండిలో ఉంది. దాని మీద ఇంగ్లీషు పేరు, పక్కన పర్సెంటేజీ.

"ఇది పుయ్యండి బావగారూ. చెరువులో వైరస్సే చచ్చిపోద్ది. ఈ తామర ఎంత?"

"ఎంత నీళ్లలో కలపాలి?"

"చెరువుకైతే ఎకరాల లెక్కండి. పిల్లికి లెక్క నాకేం తెలుసు? సైన్సు మాష్టారు మీరా, నేనా?"

ఆ మాట నాకు నచ్చింది. అక్కడే పడిపోయాను. సగం చెంబు నీళ్లలో రెండు మూతలు పోసి, దూదితో మూడు మచ్చల మీదా అద్దాను. మర్నాడు రెండుసార్లు.

మూడో రోజు పొద్దున చేప ముక్క పెడితే వాసన చూసి తల తిప్పుకుంది. గడ్డం కింద జొల్లు తీగలుగా వేలాడుతోంది. నోరు తెరిచి చూస్తే నాలుక అంచు తోలు ఊడిపోయి పచ్చిగా ఉంది. నీళ్ల గిన్నె దగ్గర కూర్చుని, తాగలేక, గిన్నెకేసి చూస్తోంది.

మూత ఉన్న బుట్టలో పెట్టి పాలకొల్లులో పిల్లుల్ని చూసే డాక్టరమ్మ దగ్గరికి బస్సులో తీసుకెళ్లాం. ఆమె నోరు చూసి, "ఏం పూశారు?" అంది.

"బీకేసీ అండీ."

"రొయ్యల చెరువుల్లో పోసేదా?" పెన్ను కింద పెట్టింది. "మాష్టారూ, పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. దాని ఒంటికి పూశారంటే దానికి తాగించినట్టే. నాలుకంతా అల్సర్స్."

ముందు ఒళ్లు కడిగించింది. సెలైన్ పెట్టింది, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది. తరవాత గది చీకటి చేసి, ఫంగస్‌ని మెరిపించే వుడ్స్ ల్యాంప్ వేసింది. చెవి వెనక వెంట్రుకలు ఆకుపచ్చగా మెరిశాయి. రెండు వెంట్రుకలు పీకి, ఫంగస్ పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షకి పంపింది.

"రింగ్‌వార్మ్, అంటే తామరే. తగ్గే జబ్బే. కానీ దానికి మాత్రలు ఇప్పుడే ఇవ్వలేను, ముందు పిల్లి తిండి తినాలి. తినకుండా ఉంటే లివర్ పాడవుతుంది. బతుకుతుందో లేదో నాలుగు రోజులు ఆగి చెప్తాను."

తగ్గే జబ్బు! దాన్ని చావు దాకా ఈడ్చుకొచ్చింది నా చెయ్యి.

వెనక గదిలో ఉంచాం. మెడకు ప్లాస్టిక్ కాలర్. మూడు గంటలకోసారి మెత్తటి తిండి సిరంజితో దవడ పక్కనుంచి పట్టాలి. నేను పట్టబోతే గుర్రుమని నా చేతులు రక్కేది. పట్టినది సగం కక్కేది. అయిదో రోజు దాన్ని ఎత్తితే ఖాళీ సంచి ఎత్తినట్టుంది. ఆరో రోజు సుజాత వేలికి చేపలు ఉడికించిన నీళ్లు రాసి చూపించింది. ఒక్కసారి నాకింది. ఆగి, మళ్లీ నాకింది.

ఆ వారంలోనే సత్యవతి గారు కిటికీ దగ్గర నిలబడి అడిగింది: "నా దారం దాని మెళ్లోనే ఉంటే ఏవయ్యేది మాష్టారూ?"

"ఏమీ అయ్యేది కాదండీ" అన్నాను. నిజమే. తామర పోయేది కాదు, నాలుక తోలూ ఊడేది కాదు. తర్కం తెలుసనుకున్న నాకంటే ఆవిడ దారమే దాన్ని తక్కువ బాధపెట్టింది. దారాన్ని ఇప్పటికీ నమ్మను. ఆవిణ్ణి నవ్వుల పాలు చేసినందుకు మాత్రం క్షమాపణ చెప్పాను.

పుండ్లు మానాక తామరకి ఇట్రాకొనజోల్ మందు మొదలైంది. వారానికి రెండుసార్లు మందు షాంపూ, పది నిమిషాలు నురగ ఉంచి కడగడం. గ్లవ్స్, బ్లీచింగ్‌తో నేల తుడుపు. సుజాత చర్మ డాక్టరు ఇచ్చిన క్రీముతో కొన్ని వారాల్లో బాగుపడింది. మిరియం మాత్రం దసరా ముందు రెండో కల్చర్‌లోనూ పాజిటివ్.

"అది పడుకునేవన్నీ ఉతికారా?" అంది డాక్టరమ్మ.

సుజాత తల దించుకుంది. దారపు బుట్టను ఉతక్కుండా మంచం కింద దాచి ఉంచింది. అందులో సగం అల్లిన లేసు ఉంది. ఇంటికొచ్చి దారాన్ని, లేసుని తనే మరిగే నీళ్లలో వేసింది. బుట్టను తగలబెట్టింది. మంట ఆరేదాకా అక్కడే నిలబడింది.

దసరా రోజున గుమ్మం పక్క చూశాను. సంచి లేదు. "మిరియం ఏది? సంచి ఏది?"

"అది వెనక గదిలోనే ఉంది. సంచిలో నూకలు పోశాను" అంది సుజాత. "చేసింది మీరైతే దాన్నెందుకండీ రేవు దాటించడం? దాటిస్తే మిమ్మల్నే దాటించాలి."

తరవాత వరసగా రెండు కల్చర్లు నెగెటివ్ వచ్చాయి. బొచ్చు మొలిచింది. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురు తిరిగొచ్చారు. మిరియం నాలుక కొసన చిన్న నొక్కు ఉండిపోయింది. సుజాత ఒళ్లో పడుకుంటుంది. నేను చెయ్యి చాపితే వాసన చూసి, లేచి, అవతలికి వెళ్లి కూర్చుంటుంది. దాన్ని మూఢనమ్మకమని ఎలా అనగలను? నా చేతిని పరీక్షించి తెలుసుకున్న సంగతి అది.

పిల్లి ఒంటికి ఏది పూసినా అది కడుపులోకి పోతుంది. గుర్తుంచుకోవాల్సింది అంతే. వేపనూనె గానీ, కర్పూరం గానీ, మనుషుల క్రీము గానీ, "ఇది నాకితే ఏమవుతుంది?" అని పశువైద్యుణ్ణి అడగనిదే మూత తియ్యకండి. ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే లేవండి. మీ పిల్లికి పుయ్యమని ఎవరో ఇచ్చిన సీసా అలమారలో ఉంటే, దాన్ని చేతిలోకి తీసుకుని డాక్టరుకి ఫోన్ చెయ్యండి.