పంకా లేని తాడు

ఇప్పటికీ ఆయన పొద్దున్నే మొహం కడుక్కోగానే కుడికాలి బొటనవేలికి చుక్క నూనె రాసుకుంటాడు. ఎడమకాలికి రాయడు. అది కష్టపడిన వేలు కాదట.

ఆ కుడి వేలితోనే ముప్పై నాలుగేళ్లు తాడు లాగాడు. దొరల కాలంలో వాళ్ల నాన్న ఆఫీసు వరండాలో స్టూలు మీద కూర్చుని అదే తాడు లాగితే, లోపల గుడ్డ పంకా ఊగేది. దొరలు ఓడెక్కారు. ఫ్యాన్లు వచ్చాక పంకా అటకెక్కింది. గోడ కంతలో తాడూ, జీతాల పట్టీలో ‘పంకా లాగువాడు’ అన్న మాటా మాత్రం మిగిలాయి. తండ్రి దిగిన స్టూలు కొడుకు ఎక్కాడు. ఆఫీసంతా ఆయన్ని పంకా బాబాయ్ అనేవారు.

ఊరికే కూర్చోలేదు లెండి. హెడ్ గుమస్తా ఆ తాడు కొసకు కిరీటం బొమ్మ ఉన్న పాత ముద్రను కట్టి తన బల్ల మీదికి వేలాడదీసుకున్నాడు. వచ్చినవాళ్లు బాబాయ్ చేతిలో పెట్టాల్సింది పెడతారు. బాబాయ్ వేలు కదుపుతాడు. లోపల ముద్ర లేచి బల్ల మీద టక్‌మంటుంది. అప్పుడు ఫైలు కదులుతుంది. సాయంత్రం సొమ్ము లోపలికి పోగా బాబాయ్‌కి టీ డబ్బులు మిగిలేవి. తీసుకోకుండా ఏనాడూ టక్‌మనిపించలేదు. ‘దొంగ టక్కు’ ఎరగని మనిషని పేరు.

రిటైరవడానికి నాలుగేళ్లుందనగా వచ్చిన కొత్త ఆఫీసరు జీతాల పట్టీ తిరగేశాడు. “పంకానే లేదు, లాగేవాడేంటి?” అని ఉద్యోగం రద్దుకు ఫైలు పెట్టించాడు. రద్దయితే పింఛను గోవిందా. ‘ఈ ఉద్యోగం అవసరమే’ అని హెడ్ గుమస్తా ఒక్క ముక్క రాస్తే గండం గడిచినట్టే. బాబాయ్ వెళ్లి అడిగాడు.

“రాస్తాలే బాబాయ్. కానీ టక్‌మనకుండా నేను ఏ ఫైలైనా ముట్టుకున్నానా?”

“లాగేది నేనే కదయ్యా!”

“లాగు, ఎవరొద్దన్నారు? ఊరికే లాగితే మాత్రం అది దొంగ టక్కు. చివరాఖర్లో ఆ పేరు తెచ్చుకుంటావా?”

ఆ మాట బాబాయ్‌కి సూటిగా తగిలింది. ఇంటికెళ్లి భార్యను అడిగాడు. ఆవిడ బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి నోట్లు తీసింది.

“ఊళ్లోవాళ్లని తిన్న తాడు ఇవాళ మనింటి మీద పడిందా? ఇంతకీ ఎవరికిస్తారు?”

“వరండాలో తీసుకునేవాడికి.”

“అది మీరేగా!”

“అందుకేనే భయం. వాడు పైసా తగ్గించడు.”

మర్నాడు స్టూలు దిగి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నోట్లు కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చాడు. అలవాటుకొద్దీ “ఇంతేనా?” అని నోరు జారింది. “చిన్న ఉద్యోగస్తుణ్ణి, దయచూడండి” అని తనే బతిమాలుకున్నాడు. వెనక వరసలో ఉన్న పంతులమ్మ పక్కావిడతో, “వాళ్లిద్దరి బేరం తెగేసరికి మనకు సాయంత్రమవుతుంది” అంది. ఆఖరికి ఇంకో పది కలిపి, స్టూలెక్కి, లాగాడు.

టక్.

సరిగ్గా అప్పుడే ఆఫీసరు ఆ ఫైలు కోసం హెడ్ గుమస్తా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎగిరిపడిన ముద్రను చూశాడు. తాడు వెంటే నడిచి కంతలోంచి తొంగిచూశాడు. అవతల నూనె రాసిన బొటనవేలు ఇంకా తాడుకే ఉంది.

“ఏంటిది?”

“దొరల తాడండి సార్. మేం కొత్తగా ఏదీ కట్టలేదు” అన్నాడు హెడ్ గుమస్తా.

ఆఫీసరు తాడు కొస నుంచి తన గది తలుపు దాకా కళ్లతోనే కొలిచాడు.

“మరి నా గది దాకా ఎందుకు రాలేదు?”

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. ఉద్యోగం అవసరమే. తాడు పొడవు చాలదు గనక ఇరవై గజాలు మంజూరు. మిగిలిన నాలుగేళ్లూ బాబాయ్ హెడ్ గుమస్తాదీ ఆఫీసరుదీ కలిపి రెండు ముద్రల బరువు ఒక్క వేలితో లాగాడు.

రిటైరై ఆరేళ్లయింది. ప్రతి నెలా ఒకటో తారీఖున పింఛను వస్తుంది. ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో దాస్తుంది.