మా ఇంటికి వచ్చిన నవలల మూటలు

నిన్న మాదన్నపేటలో మా బస్తీ హాలుకు ఆఖరి రోజు. పొద్దున ఫ్యాన్లు దించారు. మధ్యాహ్నం బెంచీలు గుడి వెనక గదిలోకి చేర్చారు. సాయంత్రానికి పుస్తకాలు తప్ప ఏమీ మిగల్లేదు. ఇక గోడలు కూల్చేస్తారు. కప్పు పెచ్చులూడుతోంది, తప్పదు. అదే జాగాలో కొత్తది కడతామన్నారు.

నా భయం హాలు గురించి కాదు. పుస్తకాల గురించి. పాత కాగితాలు కొనే రద్దీవాలాకు తూకానికి ఇచ్చేద్దామని కమిటీలో ఎవరో అన్నారని విన్నాను. అప్పటి నుంచి మొన్న రాత్రిదాకా సరిగ్గా నిద్ర పట్టలేదు.

మా చిన్నప్పుడు... హాలు, లైబ్రరీ అన్నీ ఆ ఒక్క గదే. మూడు గోడలకు అల్మారీలు, నడుమ బెంచీలు. మామూలు రోజుల్లో జనం కూర్చొని చదువుకునేవాళ్లు. బస్తీలో పెళ్లి ఉందంటే మాత్రం బెంచీల చోట మంటపం లేచేది. వంట పొగ, పసుపు చేతులు, పరుగెత్తే పిల్లలు... అక్కడ పుస్తకాలు ఉంటే పాడైపోతాయి.

అందుకని పెళ్లికి ముందు రోజు వాటిని పాత దుప్పట్లలో మూటలు కట్టి ఇళ్లకు పంపేవాళ్లు. ఒక్కో అల్మారీ ఒక్కో ఇంటికి. ఉర్దూ పుస్తకాలు రజాక్ భాయ్ వాళ్లింటికి. చరిత్ర మా ఇంటికి. నవలలు సుగుణ వాళ్లింటికి.

ఒకటే షరతు... పుస్తకాలున్న ఇంటి తలుపు పగలంతా తెరిచి ఉండాలి. ఎవరైనా వచ్చి అరుగు మీద కూర్చొని చదువుకోవచ్చు. అడగక్కర్లేదు. ఇంటివాళ్లు ఒక చాప పరిచి, కుండలో నీళ్లు పెడితే చాలు.

మా అరుగు ఎప్పుడూ ఖాళీ. చరిత్ర ఎవరికి కావాలి... నేను కూడా సుగుణ వాళ్ల అరుగు మీదే ఉండేవాణ్ణి. ఆమె గుమ్మం లోపల, నేను బయట. ముందు పూర్తి చేసినవాళ్లు రెండోవాళ్లకు ముగింపు చెప్పకూడదని ఒప్పందం. ఎప్పుడూ ఆమే ముందు పూర్తి చేసేది. ఒక్కసారి కూడా చెప్పలేదు. మొహం చూస్తే మాత్రం తెలిసిపోయేది.

పెద్దయ్యాక మా ఇద్దరికీ పెళ్లి కుదిరింది. అదే హాల్లో. ముందు రోజు అలవాటు ప్రకారం నవలలు వాళ్లింటికే చేరాయి. అది పెళ్లికూతురి ఇల్లన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఒక పక్క పుస్తకాల మూటలు, ఒక పక్క సారె మూటలు. అన్నీ దుప్పట్లే. అప్పగింతల హడావిడిలో చేతికందినవి బండికెత్తి మా ఇంటికి పంపారు.

మర్నాడు మా అమ్మ మూట విప్పింది. నవలలు. ఇంకోటి విప్పింది. అందులోనూ నవలలే. చుట్టాలందరూ చూస్తుండగా అంది...

"కోడలు మస్తు సామాను తెచ్చింది. వండుకుందామంటే గిన్నె ఒక్కటి లేదు గని."

సుగుణ తల వంచుకొనే జవాబిచ్చింది. "చదువుకుంట కూసుంటే ఆకలి గాదు అత్తమ్మా."

మా అమ్మే ముందు నవ్వింది. గిన్నెల మూటలు వాళ్లింట్లోనే ఉండిపోయాయట. అవి నవలలనుకొని ఎవరూ కదపలేదట.

అప్పటి నుంచి నవలల వంతు మా ఇంటికి మారింది. సుగుణ ఎక్కడుంటే నవలలు అక్కడికేనని కమిటీ పెద్దలే తేల్చారు. చరిత్రను ఇంకో ఇంటికి అంటగట్టారు.

తర్వాత ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. మా హాల్లో పెళ్లిళ్లు తగ్గి తగ్గి ఆగిపోయాయి. పుస్తకాలు అల్మారీలు దిగడం మానేశాయి. సుగుణ మాత్రం సాయంత్రం పూట వెళ్లి దుమ్ము దులిపి వచ్చేది.

పోయిన వానాకాలంలో సుగుణ పోయింది. అప్పటి నుంచి మా తలుపు వేసే ఉంటోంది. పాల ప్యాకెట్ కూడా కిటికీలోంచే తీసుకుంటున్నాను.

నిన్న సాయంత్రం హాలుకు వెళ్లి వెనక గోడ దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు కమిటీకి పెద్ద సత్తన్న. కిరాణా దుకాణం ఆయనది. మాతోపాటు ఆ అరుగుల మీద చదువుకున్నవాడే. రద్దీ మాట ఎత్తనివ్వలేదు. కొత్త హాలు లేచేదాకా పుస్తకాలు పాత పద్ధతిలోనే ఇళ్లకు పోతాయన్నాడు. అల్మారీ అల్మారీకి ఒక ఇంటి పేరు పిలిచాడు. ఉర్దూ మూటలు రజాక్ భాయ్ కొడుకు భుజాన వేసుకున్నాడు.

నాకు సగం గండం గడిచినట్టయింది. మిగతా సగం నవలల దగ్గర ఉంది.

వాటి దగ్గరికి వచ్చేసరికి సత్తన్న అలవాటుగా "సుగుణ వదినె ఇల్లు" అన్నాడు. పక్క గల్లీ ఆవిడ మెల్లగా అంది... ఆయన ఒక్కడే ఉంటున్నాడు, తలుపు కూడా తీయడం లేదు, నవలలు మేం పెట్టుకుంటామని. మంచికే అంది. నిజమే అంది.

సత్తన్న నా వైపు చూశాడు.

"వదినె లేదు. ఇల్లున్నది గదన్నా?"

"ఉన్నది."

"దర్వాజ తెరిచి పెట్టాలె మరి."

"పెడత."

అంతే. మూటలు ఆటోలో మా ఇంటికి వచ్చాయి. రాత్రి హాయిగా నిద్రపట్టింది. చాలా రోజుల తర్వాత. ఇవాళంతా మూటలు విప్పి ముందు గదిలో సర్దాను. కొన్నిటికి అట్టలు సుగుణ వేసినవే... ఇంకా గట్టిగా ఉన్నాయి.

ఇప్పుడు పెళ్లంటే పుస్తకాలు కదలాల్సిన పని లేదు. పగటి పూట తెరిచి ఉండే తలుపులూ తగ్గాయి. చిన్నప్పుడు మీరు ఎవరి అరుగు మీద కూర్చొని చదివారో, ఆ ఇంటివాళ్లు ఎలాంటివాళ్లో రాయండి. అన్నీ చదువుతాను. తీరిక ఉంది.

రేపు పొద్దున్నే అరుగు కడుగుతాను. సుగుణ వాడిన చాప పరిచి, కుండలో నీళ్లు నింపి, తలుపు తీసి పెడతాను.