ఐదో రోజు విప్పిన కట్టు

మిషను ఆస్పత్రిలో నన్ను చూసుకున్న మా నర్సమ్మ పోయింది. మొన్న మంగళవారం బడి వదిలే వేళకు గురజాల బస్సు కండక్టరు కిటికీ దగ్గరికొచ్చి చెప్పాడు. బోర్డు మీద రాస్తున్న ఎక్కం సగంలో ఆగిపోయింది. ఆమె గురించి చెప్పాల్సిన మాట ఒకటి పదేళ్లుగా నా గొంతులోనే ఉంది. ఆమె బతికి ఉండగా నలుగురిలో చెప్పలేకపోయాను. అంతకంటే సిగ్గుచేటు నాకు లేదు.

నా పద్దెనిమిదో ఏట నాన్నకు అన్నం తీసుకుని సున్నపు బట్టీకి వెళ్లి జారిపడ్డాను. కుడిచెయ్యి వేడి సున్నంలో పడింది. పుండు మానింది గానీ, చర్మం ముడుచుకుపోయి వేళ్లు అరచేతికి అతుక్కున్నాయి. అప్పటికే టీచరు ట్రైనింగులో సీటొచ్చి ఉంది. సుద్దముక్క పట్టలేని పిల్లకి ట్రైనింగేందన్నారు అందరూ. మిషను ఆస్పత్రి విదేశీ డాక్టరమ్మ మాత్రం, వేళ్లు విడదీసి, తొడ మీది చర్మం పల్చగా తీసి అరచేతిలో అతికిస్తానంది.

కోసి అతికించడం డాక్టరమ్మ పని. అతికించిన చర్మాన్ని బతికించడం నర్సమ్మ పని. చెయ్యి కదలకుండా చెక్కబద్దకు కట్టి, దిండ్ల మీద ఎత్తి పెట్టింది. రోజూ రెండు గుడ్లు తినేదాకా మంచం దగ్గరే నిలబడేది. కట్టు మీద ఈగ వాలితే ఊరుకునేది కాదు.

"ఏమే, మిరప నారు నాటినాక వేరు పట్టిందో లేదోనని పీకి చూస్తామా? ఇదీ అంతే. కిందనుంచి రక్తం అందిందాకా కదపగూడదు. ఈ పదిరోజులూ ఈ చెయ్యి నీది కాదు, నాది" అనేది. మా అమ్మనూ కసిరేది. "కళ్లతో చూడమ్మా, చేతులతో వొద్దు."

ఐదో రోజు ఆదివారం. నర్సమ్మ కట్టు గుడ్డలు ఉడకేయించడానికి వెళ్లింది. మా చర్చి సంఘంలో జబ్బు చేసినవాళ్లకి ప్రార్థన చేసిన నూనె రాస్తారు. అమ్మ చిన్న సీసాలో తెచ్చింది. "కట్టు మీద రాస్తే లోపలికెట్టా దిగుద్దే? రవ్వంత విప్పుదాం" అంది. వద్దనాల్సింది నేను. అనకపోగా, లోపలెట్లా ఉందో చూడాలన్న ఆత్రం కొద్దీ ముడి కొస నేనే పళ్లతో లాగాను. గుడ్డతో పాటు చర్మం అంచు పైకి లేచింది. అమ్మ హడలిపోయి, నూనె పోసి, గబగబా మళ్లీ చుట్టేసింది.

మర్నాడు డాక్టరమ్మ విప్పి చూస్తే చర్మం నల్లబడి ఉంది. "ఎవరు విప్పారు?" అని అరిచింది. కట్టు తామే విప్పుకున్నవాళ్లకు మళ్లీ ఆపరేషను చెయ్యరని వార్డంతటికీ తెలుసు. నర్సమ్మ గుడ్డ వాసన చూసింది. మా అమ్మ మొహం చూసింది, నన్ను చూసింది. "నేనేనమ్మా. తడిసిందేమోనని విప్పాను. తప్పు నాదే" అంది. అమ్మ నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు.

ఆ వారమే ఆమెను వార్డులోంచి తీసేసి, గుడ్డలు ఉడకేసే షెడ్డులో వేశారు. నాకు రెండో తొడ చర్మం తీసి మళ్లీ అతికించారు. మూడు వేళ్లు తెరుచుకున్నాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు ముడుచుకునే ఉండిపోయాయి. ఆ మూడు వేళ్లతోనే టీచర్నయ్యాను.

ఏటా ఆమెను చూడ్డానికి వెళ్లేదాన్ని. ఆవిరికి ఆమె చేతులు పొక్కి ఉండేవి. ఆ చేతులతోనే నా అరచేతికి కొబ్బరినూనె రాసి, "రోజూ సాగదియ్యి, లేకపోతే మళ్లీ ముడుచుకుపోద్ది" అనేది. ఒకసారి ఏడుస్తూ, డాక్టరమ్మకు నిజం చెప్పేస్తానన్నాను. "చెప్పి ఏంజేస్తావే? నాకు ఈడ చానా బాగుంది" అంది. షెడ్డుకు వార్డు వైపున్న కిటికీ మాత్రం ఎప్పుడూ మూసే ఉంచేది. అది చూసి కూడా, ఆమె అన్న మాటనే నేను సాకుగా పట్టుకున్నాను. తర్వాత డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోయింది. అమ్మ పోయింది. ఇప్పుడు ఈమె. చెప్పుకోవడానికి ఇది చదివే మీరు తప్ప నాకెవరూ లేరు. మీకు చెప్పినా ఆమెకు వార్డు తిరిగి రాదు.

బుధవారం సమాధుల తోటలో తలా పిడికెడు మన్ను వేశారు. నేను కుడిచేత్తోనే తీసుకున్నాను. గుంట మీద చెయ్యి తిరగేసి విదిలించాను. కాస్త రాలింది. ముడుచుకున్న రెండు వేళ్ల కింద ఉన్నది రాలలేదు. ఎడంచేత్తో ఆ వేళ్లు లాగి చూశాను, విచ్చుకోలేదు. వెనకాల ఉన్నవాళ్లు జరగమన్నారు. ఆ మన్ను చేతిలో అట్లాగే ఉండగా బస్సెక్కాను.